వాకిలి లేని ఎండాకాలం

మా అత్త మోకాళ్ళ నొప్పులకు మా ఇంటి వాకిలే కారణమని కనిపెట్టినవాడు బ్రహ్మం. అంతకుముందు మార్కాపురంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రేలు తీయించి, కీళ్ళు అరిగిపోయాయి, వయసు మీద పడితే ఇంతేనమ్మా అని మాత్రలు రాసిచ్చాడు. ఆ మాట మా ఆయన వెంకటేష్‌కి రుచించలేదు. అరిగిపోవడానికి మా అమ్మేమన్నా సైకిలు టైరా అని బస్సులో దారంతా సణిగాడు. నైరుతి మూల వాకిలి ఉన్న ఇంట్లో పెద్దావిడ కాళ్ళు నిలబడవని బ్రహ్మం చెప్పినప్పుడు మాత్రం ఆయన మొహం వెలిగిపోయింది. అరిగిన కీలును మార్చడం కష్టం గానీ, వాకిలి మార్చడం ఎంతలో పని?

బ్రహ్మం పెద్దారవీడు వడ్రంగి. చుట్టుపక్కల ఊళ్ళకు వాకిళ్ళు చేసేది ఆయనే, వాస్తు చూసేదీ ఆయనే. అంటే ఇంటికి జబ్బు చెప్పేవాడూ ఆయనే, మందు అమ్మేవాడూ ఆయనే. మాది పడమటి మొగం ఇల్లు, పాతకాలపు మట్టి మిద్దె. రెండు పక్కలా మా పాలివాళ్ళ, అంటే దాయాదుల, ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. వెనక పెరడు, పెరటి చివర రాతి గోడ, ఆ గోడ అవతల చర్చి వీధి. ఇంట్లోంచి బయటికి రావడానికి ఉన్నది ఒకటే వాకిలి. దాన్ని మూసేసి, అదే గోడకు వాయవ్యం వైపు కొత్త వాకిలి పెట్టాలని తేల్చారు. మిరపకాయలు అమ్ముడుపోయాయి, పొలంలో పని లేదు, ఇంటి పని పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కాలం రాదని నేనూ తలూపాను.

మా అత్త రంగనాయకమ్మకు ఇదంతా పెద్దగా పట్టలేదు. వాకిలి ఏ మూలకు పోయినా అరుగు మాత్రం కదలగూడదు అని ఒక్క షరతు పెట్టింది. అరుగంటే వీధి వైపు గోడ పొడవునా నల్ల బండలు పరిచిన తిన్నె. సాయంత్రమైతే అత్త దాని మీదికి చేరేది. ఏ బస్సుకు ఎవరు దిగారు, ఎవరి బోరులో నీళ్ళు పడ్డాయి, ఎవరి కోడలు అలిగి పోయింది, అన్నీ అక్కడే తెలిసేవి. అడిగినవాళ్ళకు సలహా చెప్పేది, అడగనివాళ్ళకు ఇంకా ఎక్కువ చెప్పేది. మామ పోయిన తర్వాత ఆమెను మళ్ళీ మనిషిని చేసింది ఆ అరుగే. పొద్దంతా మోకాళ్ళు పట్టుకుని మూలిగే మనిషి అక్కడ కూర్చుంటే నొప్పి మాటే ఎత్తేది కాదు.

ముహూర్తం ఏప్రిల్ చివర్లో కుదిరింది. ఆ మర్నాటి నుంచే మూఢం. శుక్రుడు సూర్యుడి పక్కకు చేరి కనిపించకుండా పోయే రోజులవి. పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, వాకిలి ఎత్తడం అసలే ఉండదు. అందుకని ఆ ఒక్క పొద్దుటే అంతా అయిపోవాలి. తెల్లవారుజామున పాత వాకిలి మూయాలి, ఎండ ఎక్కేలోపు కొత్తది నిలబెట్టాలి. పెద్దావిడ దీపం పెట్టుకుని లోపలే ఉండాలని, కొత్త వాకిలి తెరవగానే లోపల్నుంచి పసుపు నీళ్ళు చల్లాలని బ్రహ్మం చెప్పాడు. సరేనని అత్త లోపల కూర్చుంది. మేమిద్దరం బయట నిలబడ్డాం. మేస్త్రి ఏబేలు ఇటుక మీద ఇటుక పెట్టుకుంటూ పోయాడు. మా పెరటి గోడ అవతలి ఇల్లు అతనిదే. ఆఖరి వరసలో బ్రహ్మం నిమ్మకాయ పెట్టించి మంత్రం చదివాడు. పాత వాకిలి ఉన్నచోట నున్నటి గోడ తేలింది.

అప్పుడొచ్చింది ట్రాలీ ఆటోలో కొత్త వాకిలి. టేకుది. పైన లక్ష్మీదేవి, పక్కన ఏనుగులు, చూడడానికి రెండు కళ్ళు చాలవు. గోడ పగలగొట్టే ముందు ఒకసారి ఆనించి చూద్దామని నలుగురు పట్టి నిలబెట్టారు. మా మిద్దె అంచు దాటి లక్ష్మీదేవి ఆకాశంలో ఉంది.

బ్రహ్మం వెనక్కి నడిచి చూశాడు, పక్కకు నడిచి చూశాడు, ఎటు నడిచినా లక్ష్మీదేవి కిందికి దిగలేదు. ఇంటి యజమాని పేరుకు అచ్చొచ్చే లెక్క, అదే ఆయం, కట్టి కొలత తీశానని, కొలతలో తప్పు లేదని అన్నాడు. ఇల్లు కొలిచావా మామా అని నేను అడిగితే, వాకిలికి ఇంటి ఎత్తుతో పనేముందమ్మా, ఆయంతోనే పని అన్నాడు. పోనీ కింద రెండడుగులు కోయమంటే, పూజ చేసిన కొయ్యకు రంపం తగలగూడదన్నాడు.

ఏబేలు తాపీ చేత్తో పట్టుకుని మా ఆయన్ని అడిగాడు.

“ఏం జేద్దామన్నా? ఇంటిని లేపుదామా, వాకిలిని పూడుద్దామా?”

ఆ మాటకు చుట్టూ మూగిన జనం నవ్వారు. అంతలో కిటికీలోంచి అత్త గొంతు వినిపించింది. పసుపు నీళ్ళు ఇప్పుడు చల్లమంటారా, ఇంకాసేపు ఆగమంటారా అని అడుగుతోంది. అప్పుడు తట్టింది మాకు, ఆమె లోపల ఉందని, మేం బయట ఉన్నామని, మధ్యలో వాకిలి అనేది లేదని.

ముహూర్తం దాటిపోయింది. మా ఆయన కంగారుపడి, పొద్దున కట్టిన గోడ కొట్టెయ్యమని ఏబేలుతో అన్నాడు. ఒప్పుకోనిది అత్తే. మూసిన వాకిలిని మళ్ళీ తెరిస్తే ఇంటికి అరిష్టమని, నిమ్మకాయ పెట్టిన తర్వాత ముట్టుకోవడానికి లేదని కిటికీ ఊచలు పట్టుకుని గట్టిగా చెప్పింది. కొత్త వాకిలి రావాల్సిన చోట గోడ పగలగొడదామంటే, అది వాకిలి ఎత్తడం కిందికే వస్తుందని బ్రహ్మం అడ్డుపడ్డాడు. మూఢం పోయేదాకా ఓపిక పట్టమన్నారు ఇద్దరూ. ఆ టేకు వాకిలిని బ్రహ్మం అదే ఆటోలో తిరిగి తీసుకుపోయి మార్కాపురంలో రెండంతస్తుల ఇంటివాళ్ళకెవరికో అంటగట్టాడు. మాకు పొట్టిది ఇంకోటి చేస్తానన్నాడు.

ఆ మధ్యాహ్నం కిటికీ ఊచలు కోయించి మేం ఇంట్లోకి వెళ్ళాం. లోపల ఒక స్టూలు, బయట అరుగు మీద రెండు రాళ్ళు. ఎండాకాలమంతా అదే మా సింహద్వారం.

మొదట్లో నాకు తమాషాగానే ఉండేది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ముందు ఏ కాలు పెట్టాలో లెక్క చూసుకుని దిగడం వారంలో వచ్చేసింది. మా ఆయనకు రాలేదు. ఆయన పొట్ట కిటికీ చట్రానికి సరిగ్గా సరిపోయింది. లోపలికి పోవాలంటే ఊపిరి బిగపట్టాలి, సగంలో తుమ్ము వస్తే అంతే సంగతులు. ఒకరోజు అట్లా ఇరుక్కుని, సగం మనిషి వీధిలో, సగం మనిషి ఇంట్లో ఉండగా గ్యాసు సిలిండరు అతను వచ్చాడు. ఆయన్ని లోపలికి తోయాలో, బయటికి లాగాలో తెలియక, సిలిండరు కింద పెట్టి సంతకం మాత్రం చేయించుకున్నాడు. మా ఆయన అదే భంగిమలో సంతకం పెట్టాడు.

ఆ సంతకాన్ని ఎదురింటి మెట్ల మీద నుంచి ఫోనులో తీసింది వందన. ఏబేలు కూతురు. మార్కాపురంలో డిగ్రీ చదువుతోంది, కాలేజీలో చిన్న సినిమాల పోటీ పెట్టారట. సాయంత్రం మా కిటికీ దగ్గరికి వచ్చి, ఇల్లు బాగు చేయించుకోబోయి అగచాట్లు పడే సంసారం మీద కామెడీ సినిమా తీస్తాను, మీరందరూ చెయ్యాలి అంది. మా ఆయన మండిపడ్డాడు. ఇప్పటికే పరువు బజారున పడింది, దాన్ని సినిమాహాలుకు గూడా ఎక్కించాలా అన్నాడు. నాకైతే ముచ్చటేసింది. పోయిన పరువు ఎలాగూ పోయింది, సినిమా అయినా మిగులుతుంది కదా అన్నాను. చివరికి ఆయన మొహం చూపించకుండా పొట్ట మాత్రం తీసుకోవడానికి ఒప్పందం కుదిరింది.

నవ్వు ఆగిపోయింది ఓట్ల రోజున.

అత్త ఓటు తప్పిన మనిషి కాదు. మామ పోయిన ఏడు కూడా తెల్ల చీర కట్టుకుని పోయి వేసొచ్చింది. ఆ పొద్దున ఒక పార్టీ వాళ్ళు ఆటో తెచ్చి కిటికీ ముందు ఆపారు. వాళ్ళ వెనకే రెండో పార్టీ వాళ్ళు కారు తెచ్చారు. అవ్వను దించే పుణ్యం మాదంటే మాదని రెండు పార్టీల వాళ్ళు కిటికీ బయట తోసుకున్నారు. లోపల నేనూ మా ఆయనా ఆమెను స్టూలెక్కించాం. కిటికీ గట్టు మీద కూర్చోగలిగింది గానీ కాలు మడిచి బయటికి తిప్పడం ఆమె వల్ల కాలేదు. మోకాలు గట్టుకు తగిలి కేక పెట్టింది. బయట జనం, ఫోన్లు, పిల్లల నవ్వులు. నన్ను దించండి, నాకు ఓటొద్దు, ఏమొద్దు అంది. వందన ఒక్కతే ఫోను కిందికి దించి తల తిప్పుకుంది. ఆటో, కారు రెండూ ఖాళీగా పోయాయి.

ఆ రోజు నుంచి అత్త కిటికీ దగ్గరికి రావడం మానేసింది. అప్పటిదాకా లోపల కుర్చీ వేసుకుని, అరుగు మీదికి వచ్చి కూర్చున్నవాళ్ళతో కబుర్లాడేది. ఇప్పుడు ఎవరు పిలిచినా నిద్రపోతోందని చెప్పమనేది. పెరట్లోకి పోయి గోడ నీడన కూర్చుని, మళ్ళీ వచ్చి మంచం మీద పడుకునేది. అన్నం సగం కూడా తినేది కాదు. మోకాళ్ళ మాట అసలు ఎత్తడం లేదని ఒకరోజు గమనించాను. నాకు భయమేసింది. నొప్పి గురించి నన్ను గంట గంటకూ సతాయించే మనిషి ఒక్కసారిగా మెదలకుండా పడుకుంటే ఇల్లంతా వెలితిగా అనిపించింది. అత్తా, వాకిలి తెరిపిద్దాం, అరిష్టం వస్తే నాకు రానీ అన్నాను. నోరు ముయ్యి అంది. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు.

మూఢం పోయే రోజు కోసం కళ్ళు కాయలు కాచేలా చూశాం. ఆ రోజు బ్రహ్మం పంచాంగం చంకన పెట్టుకుని వచ్చి, కిటికీ బయట నిలబడి గొంతు సవరించుకున్నాడు. మూఢం పోయింది గానీ ఆషాఢం వచ్చిందట. ఆషాఢంలో వాకిలి ఎత్తరు. శ్రావణం దాకా ఆగాలి. మా ఆయన కిటికీ తలుపు ఆయన మొహం మీద వేశాడు. మా ఇంటికి వీధి తలుపు అనేది ఉంటే కదా ఇంకోటి వేయడానికి.

ఆ కబురు విన్నప్పుడు అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. భోజనానికి లేవలేదు.

ఆ సాయంత్రం పెరట్లో నేను ఏడుస్తుంటే గోడ అవతల నుంచి దయామణి పలకరించింది. ఏబేలు భార్య. ఆమెతో మాకు ఎన్నో ఏళ్ళ గోడ మీది స్నేహం. పండక్కి మేం చేసిన బూరెలు, మా చెట్టు నిమ్మకాయలు, ఆవకాయ, అన్నీ ఆ గోడ మీంచి అటు వెళ్ళేవి. అటు నుంచి ఇటు ఏమీ వచ్చేది కాదు. వాళ్ళు ఇవ్వరు, మేం అడగం, అదేమిటని నేనెప్పుడూ ఆలోచించలేదు. జరిగిందంతా విని, ఆమె మొగుణ్ణి పిలిచింది. ఏబేలు గోడ మీదికి తల ఎత్తి మా ఆయన్ని కేకేశాడు.

“అన్నా, మూఢం, ఆషాఢం మీకు గదా. మాకు లేవు. ఈ గోడ మా పక్క నుంచి నేను కొడతా. అది మా పని కిందికొస్తది, మీకేం అంటదు.”

నేను కళ్ళు తుడుచుకుని అత్త దగ్గరికి పరిగెత్తాను. ఆమె లేచి కూర్చుని చాలాసేపు ఆలోచించింది. అది వాకిలి కాదు కదా అని అడిగింది. వాకిలి కాదు, ఉత్త సందు అన్నాను. ముందు పక్క వాకిలి కుదరగానే పూడ్చెయ్యాలి అంది. అలాగే అన్నాను. అటు పోయి కూర్చుంటే మన వీధివాళ్ళు ఏమంటారో అని కూడా అంది గానీ, అప్పటికే కాళ్ళు మంచం కిందికి దించి చెప్పుల కోసం తడుముకుంటోంది.

మర్నాడు పొద్దున ఏబేలు వాళ్ళ వైపు నుంచి గడ్డపార వేశాడు. వందన ఫోను పట్టుకుని ఒక రాయి మీద నిలబడింది. ఒక్కో రాయి ఊడి అటే పడుతుంటే మా పెరట్లోకి కొత్త వెలుతురు వచ్చింది. మనిషి పట్టేంత సందు అయ్యాక అత్త నా భుజం పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. ఎక్కేది లేదు, దిగేది లేదు, అటూ ఇటూ ఒకటే మట్టం. సందులో ఒక్క క్షణం ఆగి, చీర కొంగు సర్దుకుని దాటింది.

దయామణి ఇంటి వసారాలో ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశారు. అత్త కూర్చుని వీధిలోకి చూసింది. చర్చి మీది మైకు, దాని మీద కాకి, పంపు దగ్గర బిందెలు, కూలికి బయల్దేరుతున్న ఆడవాళ్ళు. వాళ్ళందరూ ఆగి, బాగుండావా అవ్వా అని పలకరించారు. ఎంతకాలమైందో ఆమె మొహంలో ఆ కళ చూసి. దయామణి మాత్రం చేతులు నలుపుకుంటూ నిలబడింది. ఇంటికి వచ్చిన మనిషికి ఏమన్నా ఇవ్వాలని ఉంది, ఇస్తే ఏమంటుందోనని ఉంది. నా వైపు చూసింది. నేను కాకి వైపు చూశాను.

“దయామణీ, టీ పెడతావా, లేదంటే మా కోడలు సుమను పెట్టుకోని రమ్మందునా?” అంది అత్త.

టీ వచ్చింది. అత్త గ్లాసు కొంగుతో పట్టుకుని ఊదుకుంటూ తాగింది. చక్కెర మరీ ఎక్కువేసినావు, నాలాంటి దానికి ఇంత పనికిరాదు అని తప్పు పట్టింది. తప్పులు పట్టడం మొదలుపెట్టిందంటే మనిషి బాగుపడ్డట్టే. ఆ సంతోషంలో నేను కూడా రెండు గ్లాసులు తాగేశాను.

ఆషాఢమంతా అత్త మకాం అక్కడే. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. మా వీధిలో ఎవరెవరి బండారాలో నలభై ఏళ్ళుగా విని విసిగిపోయిందేమో, ఇక్కడ అన్నీ కొత్త కథలు. ఆదివారం పాటలు విని వచ్చి, ఆ రెండో పాట బాగుంది గానీ డోలు వాయించేవాడికి తొందరెక్కువ అని తీర్పు చెప్పేది. మా వీధిలో ఒకరిద్దరు నాతో ఆరా తీశారు, మీ అత్తకు మతి గాని పోయిందా అని. కిటికీలోంచి దూకి వచ్చి మా అత్తనే అడగండి అన్నాను. ఎవరూ దూకలేదు.

వందన సినిమా కూడా ఊపందుకుంది. ఎండాకాలంలో జరిగినవన్నీ మధ్యాహ్నం పూట మళ్ళీ చేయించేది. ట్రాలీ ఆటో సీను కోసం మంచాన్ని నిలబెట్టి వాకిలన్నారు. బ్రహ్మం వేషం ఏబేలు వేశాడు, పంచాంగానికి బదులు చర్చి పాటల పుస్తకం పట్టుకున్నాడు. అసలు బ్రహ్మం అది చూసి, నేను అంత లావుంటానా అని నొచ్చుకున్నాడు. పొట్ట మాత్రమే ఇస్తానన్న మా ఆయన, రెండో వారానికల్లా మొహం కూడా ఇచ్చేశాడు. కిటికీలో ఇరుక్కోవడం ఇంకాస్త బాగా చేస్తానని తనే మళ్ళీ మళ్ళీ అడిగి చేశాడు. అత్త అయితే చెప్పిన మాట ఒక్కటీ చెప్పేది కాదు. తనకు తోచింది చెప్పేది, అదే బాగుందని వందన ఉంచేసేది. ఓట్ల రోజు సీను మాత్రం సినిమాలో లేదు. దాన్ని ఫోనులోంచి తీసేశానని వందన నాతో చెప్పింది.

శ్రావణంలో ముందు పక్క వాకిలి నిలబడింది. ఈసారి బ్రహ్మం ఇంటిని మూడు సార్లు కొలిచాడు. వేప కొయ్యతో చేసిన పొట్టి వాకిలి, మా ఆయన కాస్త వంగి రావాలి. అయినా సరే, రెండు కాళ్ళ మీద నడిచి ఇంట్లోకి వచ్చిన మొదటి రోజున ఆయన ఊరికే లోపలికీ బయటికీ నాలుగైదు సార్లు తిరిగాడు. అత్త మళ్ళీ అరుగెక్కింది. అందరూ వచ్చి పలకరించారు. ఇంక మిగిలింది పెరటి గోడ పూడ్చడం.

ఏబేలు వచ్చి సిమెంటు కలిపాడు. కొట్టిన రాళ్ళన్నీ అతను అటు పక్కనే వరసగా పేర్చి ఉంచాడు. వందనకు అది సినిమా ఆఖరి సీను. ఆఖరి రాయి పెట్టగానే అటు పక్క వెలుతురు ఆగిపోవాలి, అక్కడ అయిపోవాలి, అని నాకు ముందే చెప్పింది. కొత్త తలుపు వానకు బిగుసుకుందంటే సరిచేయడానికి వచ్చిన బ్రహ్మం కూడా చూడడానికి పెరట్లోకి వచ్చాడు. దయామణి అవతల వసారాలో బియ్యం ఏరుకుంటోంది, ఇటు చూడడం లేదు.

అత్త లోపల్నుంచి కుర్చీ ఒకటి ఈడ్చుకుంటూ వచ్చి, సరిగ్గా సందులో వేసి కూర్చుంది.

మేం నవ్వాం. ఆమె ఏ సీనులోనూ చెప్పినట్టు చేసింది లేదు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాం. వందన కాసేపు తీసి, చాలు అవ్వా, ఇంక లేచేయాల అంది.

“నేను సినిమా చెయ్యడం లేదు పాపా,” అంది అత్త.

మా ఆయన అత్త దగ్గరికి పోయి, పూడ్చమని నువ్వే అన్నావు కదమ్మా అని గొంతు తగ్గించి అడిగాడు. అన్నాను, ఇప్పుడు వద్దంటుండా అంది. ఆమె నోట ఆ మాట విన్నది నా కాపురం మొత్తంలో అదే మొదటిసారి. జనం ఏమనుకుంటారని ఆయన నసిగాడు.

“కిటికీ కాడ నన్ను చూసి నవ్వేదానికి ఊరంతా వచ్చింది. గోడ కొట్టేదానికి ఒక్క ఇల్లే వచ్చింది. ఎవరేమనుకుంటారో నాకు చెప్పబాకు,” అంది.

మా ఆయన దిక్కుతోచక బ్రహ్మం వైపు చూశాడు. వాస్తు ఒప్పుకోదని చెప్తాడేమోనని ఆశ. బ్రహ్మం సూర్యుడి వైపు, గోడ వైపు మార్చి మార్చి చూసి, దీనికేం వంక లేదన్నాడు. తూర్పు ఈశాన్యం, ఇంటికి ఇంతకంటే మంచి చోటు దొరకదు, అసలు వాకిలి పెట్టాల్సిందే ఇక్కడ అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. “మరి ఆ మాట మొదట్లోనే చెప్పకపోతివేం మామా? ఎండాకాలమంతా కిటికీ దూకినాం గదా.”

“ఆ పక్క ఏబేలు వాళ్ళు గదమ్మా,” అన్నాడు బ్రహ్మం.

ఏబేలు పక్కనే నిలబడి ఉన్నాడు. బ్రహ్మం ఆ మాటను దురుసుగా ఏమీ అనలేదు, అటు పక్క బావి ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఎందుకంటే వాకిలి ఎక్కడ పెట్టాలా అని తలలు బద్దలు కొట్టుకున్నప్పుడు ఆ గోడ మాకూ ఎవరికీ తట్టలేదు. అవతల దయామణి చేతులు బియ్యంలో ఆగిపోయాయి.

అత్త కుర్చీలోంచి కదలకుండానే తల తిప్పింది.

“ఏబేలూ, కలిపిన సిమెంటు గట్టిపడతాది. దాంతో ఇక్కడ గడప కట్టు.”

ఏబేలు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, రాళ్ళు అందించడానికి వంగాడు. గడప కట్టడానికి చోటు ఇవ్వాలి కాబట్టి అప్పుడు లేచింది అత్త. ఎటు లేవాలా అని ఆలోచించకుండా అటు వైపు లేచి దయామణి దగ్గర పోయి కూర్చుంది.

వందన మాత్రం తల పట్టుకుంది. ఆఖరి సీను చెడిపోయింది, సినిమాకు ముగింపు లేకుండా పోయింది అని నెల పొడుగునా నా దగ్గర గొణిగింది. చివరికి అత్త కుర్చీలో కూర్చున్న చోటనే ఆపేసి పోటీకి ఇచ్చింది. చూసినవాళ్ళంతా పడి పడి నవ్వారట. మా ఆయన్ని ఇప్పటికీ మార్కాపురంలో ఎవరో ఒకరు ఆపి, కిటికీ అన్న నువ్వే గదా అని అడుగుతారు. ఆయన కాదనడు.

ఆ గడప ఆరిన తర్వాత కూడా రాకపోకలు అటు మాత్రమే సాగాయి. అత్త పోయేది, నేను పోయేదాన్ని. దయామణి గడప దాకా వచ్చి, అక్కడే నిలబడి మాట్లాడి పోయేది. రమ్మంటే, పనుంది వదినా అనేది. నేను గట్టిగా చెయ్యి పట్టి లాగలేదు, ఆమె ఇబ్బంది నాకు తెలుసు.

శ్రావణం దాటాక ఒక సోమవారం, రాత్రి వాన పడి పొద్దున తెరిపిచ్చింది. వందనకు కాలేజీ ఫీజు కట్టాలని తల్లీకూతుళ్ళు మార్కాపురం బయల్దేరారు. చర్చి వీధి నుంచి బస్సు ఆగే చోటుకు రావాలంటే ఊరు చుట్టి రావాలి. అప్పటికే సెంటరులో బస్సు హారను కొడుతోంది. అరుగు మీద కూర్చున్న అత్త అది విని, ఇంట్లోంచి పెరట్లోకి వినపడేలా కేకేసింది, చుట్టు ఎందుకే, మా ఇంట్లోంచి రండి అని.

దయామణి గడప దగ్గర ఒక్క నిమిషం ఆగి, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని దాటింది. పెరడు దాటి, నా వంటింటి పక్క నుంచి, నడిమింట్లోంచి, ఎక్కడా ఏదీ తగలకుండా కొంగు చుట్టూ లాక్కుని గబగబా నడిచింది. ముందు వాకిట్లోకి వచ్చి నిలిచిపోయింది. ఎదురు అరుగుల మీద పొద్దుటి ఎండకు మా వీధంతా కూర్చుని ఉంది. అందరి మాటలూ ఒకేసారి ఆగాయి. దయామణి చేతిలో చెప్పులు అలాగే ఉన్నాయి. వెనకే వచ్చిన నాకు ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది, ఆ వీపు వెనక్కి తిరుగుతుందేమోనని చూస్తున్నాను.

అత్త అరుగు మీంచి తల కూడా పైకెత్తలేదు. ముందున్న చేటలో కందులు ఏరుకుంటూనే అంది.

“వీధంతా బురదగా ఉండాది. చెప్పులేసుకోని దిగు దయామణీ, బస్సు పోతాది.”

దయామణి వంగి, మా వాకిట్లో నల్ల బండ మీద చెప్పులు పెట్టి, కాళ్ళకు తొడుక్కుంది. పోయొస్తా పెద్దమ్మా అని దిగి, ఎదురు అరుగుల మధ్య నుంచి సెంటరు వైపు నడిచింది. ముగింపు లేదని నెలంతా గొణిగిన వందన ఫోను సంచిలోనే ఉంచుకుని, నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, వాళ్ళమ్మ వెనకే దిగింది.